నాన్నకి రిహాబ్, అమ్మకి రెస్టు

చాలా రోజులైంది ఇటువైపు వచ్చి. ఆఫీసులో రిలీజుల గోల ఒకటి, ఇంట్లో హాస్పిటల్ గోల ఒకటి. మొదటిది ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాని గురించి రాసి మిమ్మల్ని విసిగించను. రెండోదాని గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. కాస్త పెద్ద టపా, ఓపిక పట్టండి.

ముందు రెండు కాగితాల సంగతి చెప్తాను. రెండూ మా ఇంట్లో బీరువాలో ఒకే ఫైల్లో ఉన్నాయి. ఒకటి 2016లో నాన్నకి బైపాస్ అయినప్పటి డిశ్చార్జి సమ్మరీ. రెండోది 2023లో అమ్మకి హార్ట్ ఫెయిల్యూర్ అని తేలినప్పటిది. ఊరు ఒకటే, హాస్పిటల్ ఒకటే (పేరెందుకు లెండి). నాన్న కాగితంలో మందుల లిస్టు కింద ఒక లైనుంది: కార్డియాక్ రిహాబ్‌కి రావాలి, వారానికి మూడు రోజులు, నాలుగు వారాలు. అమ్మ కాగితంలో సరిగ్గా అదే చోట ఉన్న లైను: విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. అంతే.

అప్పుడు నాకది తేడాగా అనిపించలేదు. నాన్నని పన్నెండు సార్లూ నేనే కార్లో తీసుకెళ్ళాను, వర్క్ ఫ్రం హోం పెట్టుకుని మరీ. అమ్మని మాత్రం ఇంటికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, "ఇంక నువ్వేం చెయ్యకమ్మా" అని చెప్పి, సోమవారానికి హైదరాబాద్ వచ్చేశాను. మంచి కొడుకుననే అనుకున్నాను కూడా.

ఎనిమిది నెలలు పోయాక ఒకరోజు ఆ ఫైల్లో ఇన్సూరెన్సు కాగితం కోసం వెతుకుతుంటే రెండు సమ్మరీలూ పక్కపక్కన కనబడ్డాయి. అప్పుడు వెలిగింది బుర్రలో.

"బైపాస్ వేరు, హార్ట్ ఫెయిల్యూర్ వేరు, రెంటినీ పోలుస్తావేంటయ్యా" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. నేనూ ముందు నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ చదివిన కొద్దీ ఆ సమాధానం నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చెప్పడానికే ఈ టపా.

అసలు హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ డౌన్ అవడం కాదు, లోడ్‌కి తట్టుకోలేక స్లో అయిపోవడం. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంప్ చెయ్యలేకపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ళ వాపులు, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం. దీన్ని కొలవడానికి ఈఎఫ్ అని ఒక అంకె చూస్తారు. గుండె ఎడమ గది ఒక్కో దెబ్బకి తనలో ఉన్న రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందనేది ఆ అంకె. బాగున్న గుండెకి 55 నుంచి 65 దాకా ఉంటుంది. మా అమ్మకి 30. ఇంకో రకం కూడా ఉంది. అందులో ఈఎఫ్ మామూలుగానే కనిపిస్తుంది కానీ గుండె కండరం బిగుసుకుపోయి సరిగ్గా నిండదు. ఈ రెండో రకం ఆడవాళ్ళలో, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళలో ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఒకప్పుడు హార్ట్ ఫెయిల్యూర్ అంటే డాక్టర్లే మంచం దిగొద్దనేవారు. నీరసించిన గుండెకి పని చెప్తే ఇంకా పాడైపోతుందని భయం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కదలకపోతే కాళ్ళ కండరాలు కరిగిపోతాయి, కండ లేనివాడికి అదే నడక రెట్టింపు కష్టమవుతుంది, కష్టమని ఇంకా తక్కువ కదులుతాడు. గుండె పాతదే, మనిషి మాత్రం రోజురోజుకీ దిగజారతాడు. అందుకే ఇప్పుడు లెక్క మారింది. అమెరికా హృద్రోగ సంఘాలు 2022లో ఇచ్చిన గైడ్‌లైన్లలో, చెయ్యగలిగే స్థితిలో ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకి వ్యాయామాన్ని క్లాస్ 1 సిఫార్సు కింద పెట్టారు. క్లాస్ 1 అంటే "వీలైతే చూడండి" అని కాదు, "చెయ్యాలి" అని.

దీని వెనకున్న పెద్ద పరీక్ష పేరు హెచ్ఎఫ్-యాక్షన్. అమెరికా, కెనడా, ఫ్రాన్సుల్లోని 82 సెంటర్లలో 2331 మందిని తీసుకున్నారు. అందరికీ ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువే. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దాంతోపాటు 36 సార్లు దగ్గరుండి చేయించే వ్యాయామం, ఆ తర్వాత ఇంటి దగ్గర చేసుకోవడం. 2009లో ఫలితాలొచ్చాయి. చావు లేదా హాస్పిటల్లో చేరడం, ఈ రెండూ కలిపి లెక్కేస్తే వ్యాయామం చేసినవాళ్ళలో 7 శాతం తగ్గింది, కానీ అది గణాంకాల లెక్కలో నిలబడేంత తేడా కాదు. రోగ తీవ్రతల్ని బట్టి ముందే అనుకున్న పద్ధతిలో సర్దుబాటు చేస్తే 11 శాతం, అది నిలబడింది. ప్రమాదమేమీ లేదని తేలింది. "ఫర్లేదు, మంచిదే" అన్న స్థాయి ఫలితమన్నమాట.

అసలు సంగతి 2014లో బయటికొచ్చింది. ఇలియానా పీనా అనే డాక్టరు, ఆవిడ బృందం అదే డేటాని ఆడా మగా విడదీసి చూశారు. మగవాళ్ళు 1670 మంది, ఆడవాళ్ళు 661 మంది. మగవాళ్ళలో చావు-హాస్పిటల్ లెక్క దాదాపు కదల్లేదు (నిష్పత్తి 0.99). ఆడవాళ్ళలో 0.74. అంటే 26 శాతం తక్కువ. మధ్యలో కలిపి సగటు తీసినప్పుడు ఈ తేడా కనబడకుండా పోయింది!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనందరం ఏ/బి టెస్టులు చూసినవాళ్ళమే. మొత్తం ఫలితం తేలనప్పుడు డేటాని పది రకాలుగా ముక్కలు చేస్తే ఎక్కడో ఒక ముక్క పచ్చగా కనబడుతుందని మనకి తెలుసు. ప్రోడక్ట్ మేనేజర్లు ఆ ముక్కనే స్లైడ్లో పెడతారు. :) కాబట్టి "వ్యాయామం ఆడవాళ్ళకే పనిచేస్తుంది, మగవాళ్ళకి దండగ" అని నేనట్లేదు. మగవాళ్ళలో కూడా ఓపిక పెరిగింది. నేననేది చాలా చిన్న మాట. ఉన్న సాక్ష్యంలో ఆడవాళ్ళకి లాభం తక్కువని చెప్పేదేమీ లేదు, ఎక్కువే ఉండొచ్చని చెప్పేది ఉంది. అలాంటప్పుడు రిహాబ్ కాగితం ఎవరికి ఎక్కువ రాస్తుండాలి? కనీసం సమానంగానైనా రాయాలి కదా?

రాయట్లేదు. గుండె జబ్బులన్నీ కలిపి, చాలా అధ్యయనాలని ఒకచోట చేర్చి 2015లో చూసిన లెక్కలో, రిహాబ్‌కి పంపించింది మగవాళ్ళలో 49 శాతం మందిని, ఆడవాళ్ళలో 40 శాతం మందిని. రిహాబ్‌లో నిజంగా చేరినవాళ్ళ మీద 2014లో అలాంటిదే ఇంకో లెక్క: మగవాళ్ళు 45 శాతం, ఆడవాళ్ళు 38.5. ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది రాలిపోతున్నారు, ప్రతి మెట్టు దగ్గరా ఆడవాళ్ళే కాస్త ఎక్కువ రాలుతున్నారు. మన సైట్లో సైనప్ పేజీ నుంచి పేమెంట్ పేజీ దాకా యూజర్లు రాలిపోతే వారం తిరిగేలోపు డాష్‌బోర్డ్ కట్టి మీటింగు పెడతాం. ఇక్కడ రాలేది మన అమ్మలు, అంచేత డాష్‌బోర్డ్ లేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వద్దాం. 2014 ఫిబ్రవరిలో అమెరికా మెడికేర్ హార్ట్ ఫెయిల్యూర్‌కి రిహాబ్ ఖర్చు భరిస్తానంది. మంచిదే. కానీ షరతు, ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. హెచ్ఎఫ్-యాక్షన్ పరీక్ష పెట్టింది అలాంటివాళ్ళ మీదే కాబట్టి రూలు కూడా అలాగే రాశారు. దాంతో ఈఎఫ్ మామూలుగా ఉండే రెండో రకం, అంటే ఆడవాళ్ళలో ఎక్కువగా ఉండే రకం, ఆ రూలుకి బయట ఉండిపోయింది. రూలు రాసినవాళ్ళెవరూ ఆడవాళ్ళని తప్పించాలనుకోలేదు. ఒక ఇఫ్ కండిషన్ రాశారు, అంతే. కానీ ఆ కండిషన్ ఎవర్ని బయట పెట్టిందో చూడండి. ఈ రెండో రకానికి కూడా దగ్గరుండి చేయించే వ్యాయామం వల్ల ఓపిక, రోజువారీ జీవితం బాగుపడతాయని అమెరికా హృద్రోగ సంఘాలే 2023లో ఒక ప్రకటనలో చెప్పాయి.

ఇంకో విషయం నన్ను బాగా కదిలించింది. పదిహేను వేల పైచిలుకు పేషెంట్లున్న రెండు పెద్ద మందుల పరీక్షల డేటాని 2019లో ఆడా మగా తేడాతో చూశారు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు. కానీ ఆ బతికే కాలంలో ఆయాసం, నీరసం, వాపులు, దిగులు వాళ్ళకే ఎక్కువ. ఎక్కువ ఏళ్ళు, తక్కువ సుఖం. రిహాబ్ ముఖ్యంగా బాగుచేసేది సరిగ్గా ఆ రెండో సగాన్నే. మెట్లెక్కగలగడం, గుడికి నడిచి వెళ్ళగలగడం, మనవరాల్ని బస్సు దాకా దిగబెట్టగలగడం.

మన దేశం సంగతేంటి? తిరువనంతపురం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 2013లో చేర్చిన 1205 మందిలో 69 శాతం మగవాళ్ళే. తర్వాత దేశవ్యాప్తంగా పదివేలకు పైగా పేషెంట్లతో చేసిన జాతీయ రిజిస్ట్రీలో కూడా ఆడవాళ్ళు మూడో వంతు లోపే. రోగమే తక్కువా, హాస్పిటల్ దాకా రావడమే తక్కువా అన్నది ఈ అంకె ఒక్కటే చెప్పదు. కానీ ఇంకొకటి చూడండి. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఖరీదైన మెషీన్లు లేకుండా యోగాతో రిహాబ్ చేయిద్దామని యోగా-కేర్ అని పెద్ద పరీక్ష మన దేశంలోనే 24 హాస్పిటళ్ళలో, దాదాపు నాలుగువేల మందితో చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ట్రెడ్‌మిల్ లేదు, జిమ్ము లేదు, ఉన్నది మనకి అలవాటైన యోగా. అయినా అందులో ఆడవాళ్ళు సుమారు 14 శాతం! అంటే అడ్డం ట్రెడ్‌మిల్ ఒక్కటే కాదన్నమాట.

మరి అడ్డం ఏంటి? మా ఇంట్లో నాకు కనబడింది చెప్తాను. బుర్ర వెలిగాక అమ్మకి ఫోన్ చేసి రిహాబ్ గురించి చెప్తే వచ్చిన మొదటి ప్రశ్న:

"పొద్దున్నే అక్కడికి పోతే మీ నాన్నకి టిఫినెవరు పెడతారురా?"

"అమ్మా, డాక్టరు నిన్ను రెస్టు తీసుకోమన్నాడు కదా. ఇప్పుడెవరు పెడుతున్నారు మరి?"

అటువైపు నిశ్శబ్దం. తర్వాత నెమ్మదిగా, "ఏదో... కూర్చుని కూర్చుని చేస్తున్నాలే."

అంటే ఎనిమిది నెలలుగా అమ్మకి రెస్టూ లేదు, రిహాబూ లేదు. మధ్యలో రెంటికీ చెడ్డ రేవడిలా ఉంది. నాన్నకి ఆపరేషనయినప్పుడు ఇల్లంతా నాన్న చుట్టూ తిరిగింది. ఆ తిరిగిన వాళ్ళలో మొదటి మనిషి అమ్మ. అమ్మకి జబ్బు చేసినప్పుడు తిరగాల్సిన ఆ మొదటి మనిషే మంచం మీద ఉంది.

"ఇంటిపని కూడా ఎక్సర్‌సైజే కదా" అని చాలామంది అంటారు. మా బాబాయి కూడా అన్నాడు. కాదు. రిహాబ్‌లో చేయించేది కొలిచి చేయిస్తారు. ముందు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తారు, బీపీ, పల్స్ చూస్తారు, తక్కువతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుతారు. మాట్లాడుతూ చెయ్యగలిగేంత ఉండాలి, మాట ఆగిపోయేంత ఉండకూడదు. ఇంటిపనిలో ఇదేమీ ఉండదు. గంటసేపు కూర్చుని, ఒక్కసారిగా లేచి నీళ్ళ బకెట్ ఊపిరి బిగబట్టి ఎత్తుతారు. ఎంత ఎక్కువైందో చెప్పేవాళ్ళుండరు, ఎప్పుడు ఆపాలో అసలుండదు. పైగా రిహాబ్ అంటే వ్యాయామం ఒక్కటే కాదు. మందులెలా వాడాలి, ఉప్పెంత తినాలి, బరువెలా చూసుకోవాలి, దిగులుంటే ఎవరితో మాట్లాడాలి, ఇవన్నీ కలిపి. కూరగాయలు తరగడం వల్ల ఇవేవీ రావు.

తప్పెవరిది? తిలాపాపం తలా పిడికెడు. డాక్టరుకి ఒక్కో పేషెంటుకి అయిదు నిమిషాలుంటుంది. అమ్మ అడగదు. నాన్నకి తట్టదు. నాలాంటి కొడుకు గూగుల్లో మందుల పేర్లు వెతుకుతాడు గానీ డిశ్చార్జి కాగితంలో లేని లైను గురించి వెతకడు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ఫలితం మాత్రం ప్రతిసారీ ఒకవైపే వస్తోంది.

ఇలాంటి బగ్గుని మనం ఆఫీసులో ఎలా ఫిక్స్ చేస్తాం? అందరూ జాగ్రత్తగా ఉండండి అని మెయిల్ పెడితే ఫిక్స్ అవదని మనకి తెలుసు. డిఫాల్ట్ మారుస్తాం. ఇప్పుడు రిహాబ్ డిఫాల్ట్ ఆఫ్‌లో ఉంది. డాక్టరుకి గుర్తొస్తే, లేదా ఇంట్లో ఎవరైనా గట్టిగా అడిగితే ఆన్ అవుతుంది. మగ పేషెంటు వెనక అడిగేవాళ్ళు ఎక్కువ. అదే డిఫాల్ట్ ఆన్‌లో ఉంచి, వద్దనుకుంటే కారణం రాసి తీసెయ్యమంటే? ఇది నా ఊహ కాదు. కెనడాలోని ఒంటారియోలో 11 హాస్పిటళ్ళలో 2600 మందికి పైగా గుండె రక్తనాళాల జబ్బు పేషెంట్లతో చేసి చూశారు, ఫలితాలు 2011లో వచ్చాయి. మామూలుగా డాక్టరు గుర్తుపెట్టుకుని రాసే పద్ధతిలో 32 శాతం మందిని రిహాబ్‌కి పంపారు. కంప్యూటర్ ఆటోమేటిగ్గా రాసి, ఒక మనిషి మంచం దగ్గరికొచ్చి వివరించి చెప్పే పద్ధతిలో 86 శాతం! మందు కొత్తది కాదు, మెషీను కొత్తది కాదు. ఒక చెక్ బాక్సు, ఒక మనిషి.

ఆడవాళ్ళకి విడిగా క్లాసులు పెడితే సరిపోతుంది కదా అని కొందరంటారు. కెనడాలోనే 169 మంది ఆడవాళ్ళని మూడు రకాలుగా విడగొట్టి చూశారు: అందరితో కలిపి, ఆడవాళ్ళకి మాత్రమే, ఇంటి దగ్గరే. హాజరులో పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఏదో ఒక్కటే మంత్రం అనుకోకూడదు. ఎవరికి ఏది కుదిరితే అది ఇవ్వగలగాలి. మా అమ్మకి మధ్యాహ్నం బ్యాచ్ అయితే కుదిరింది. మీ అమ్మకి ఇంటి దగ్గరే వీడియోలో ఫిజియో చెప్తే కుదరొచ్చు.

హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఇది చదివేవాళ్ళలో కచ్చితంగా ఉంటారు. డిశ్చార్జి సమ్మరీ టెంప్లేట్ మీ చేతుల్లోనే ఉంటుంది. డయాగ్నసిస్ దగ్గర హార్ట్ ఫెయిల్యూర్ అని పడగానే "రిహాబ్: అవును / కాదు, కాదంటే ఎందుకు" అన్న ఫీల్డుని తప్పనిసరి చెయ్యమని మీ క్లయింటుకి చెప్పి చూడండి. ఒక స్ప్రింటు పని కూడా కాదు. నెలాఖర్న ఆడా మగా విడివిడిగా ఎంతమందికి రాశారో ఒక రిపోర్టు తీసివ్వండి. చూసినవాళ్ళకే అర్థమవుతుంది.

మిగతావాళ్ళం, ముఖ్యంగా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కూర్చుని ఆదివారం ఆదివారం "ఎలా ఉన్నావమ్మా" అని అడిగేవాళ్ళం, ప్రశ్న మార్చాలి. "బానే ఉన్నాను నాన్నా" అన్నది జవాబు కాదు, అది కూడా డిఫాల్ట్ వాల్యూనే. మీ ఈఎఫ్ ఎంత? రిహాబ్ గురించి డాక్టరు ఏమన్నారు? నిన్న ఎంతసేపు నడిచావు? మధ్యలో ఎన్నిసార్లు ఆగావు? పొద్దున బరువెంత? ఇలా అడగండి. మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి బరువు పెరిగినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్ళ వాపులు పెరిగినా వ్యాయామం సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పంపించండి. ఇంకో మాట, ఈ టపా చదివేసి రేపట్నించి అమ్మని పార్కులో పరిగెత్తించకండి. డాక్టరు చూసి, ఎంత చెయ్యొచ్చో చెప్పాకే మొదలవ్వాలి.

ఇది పెద్దవాళ్ళ జబ్బే అనుకోవద్దు కూడా. కాన్పుకి ముందు చివరి నెలలోనో, కాన్పయిన అయిదు నెలల్లోపో కొందరికి హార్ట్ ఫెయిల్యూర్ వస్తుంది. ఆ ఆయాసాన్ని బాలింత నీరసం కింద కొట్టిపారేస్తుంటారు. మన టీముల్లో ఆ వయసు అమ్మాయిలు చాలామందే ఉన్నారు.

చివరికి మా ఇంట్లో ఏమైందో చెప్పి ముగిస్తాను. అదే డాక్టరుని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. మీరు అప్పుడు అడగలేదు కదా" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు. నా మీద నాకే వచ్చింది. మొదటిరోజు అమ్మ ఆరు నిమిషాల్లో 240 మీటర్లు నడిచింది, రెండుసార్లు ఆగి. మూడు నెలల తర్వాత 310, ఆగకుండా. జబ్బు పోలేదు, మందులు తగ్గలేదు. కానీ ఇప్పుడు మేడ మీదికెక్కి తనే బట్టలు తీసుకొస్తోంది. నాన్న వారానికి మూడు రోజులు కుక్కర్ పెట్టడం నేర్చుకున్నారు. చారు ఇంకా కుదరట్లేదట.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ మాకు అడక్కుండానే పెట్టింది ఇన్నేళ్ళూ. తనకి కావలసింది మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఎనిమిది నెలలు ఆలస్యంగానైనా, తన తరఫున అడగాల్సింది నేనే అని తెలిసింది.

మీ ఇంట్లో బీరువాలో కూడా ఇలాంటి ఫైలొకటి ఉండే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీకేం కనబడిందో చెప్తారు కదూ?